పెళ్లిపత్రికల వెనుక ఒక ఆట

మా మోస్రాలో వేసవి మధ్యాహ్నాలు పిల్లలను ఇంటిపట్టున ఉంచడం తేలికైన పని కాదు. ఒక యేడు వారంతా కార్డుల పిచ్చిలో పడ్డారు. దుకాణంలో కొన్నవి ఉన్నవాడే రాజు, లేనివాడు పక్కన నిలబడి చూడవలసిందే. మా చిన్నపాప అలా చూచి చూచి వచ్చి, ఒకనాడు అన్నం తినలేదు. అందుచేత పాత పెళ్లిపత్రికలు కత్తిరించి, కార్డులు మేమే చేయడానికి కూర్చున్నాము.

కార్డులనగానే అత్తమ్మ ముఖం చిట్లించింది. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇండ్లను ఆమె కళ్లారా చూచింది. ఇందులో పందెం లేదని, చింతగింజలతో ఆడేదని చెప్పాము. నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు గంజీఫా కార్డులకు చేతితోనే రంగులు వేసేవారని కూడా చెప్పాము. ఆ రెండవ మాట ఆమెకు అంతగా పట్టలేదు గాని, చింతగింజలు మాత్రం తానే డబ్బాలోనుండి తీసి ఇచ్చింది.

ఒక్కొక్కరికి 20 కార్డుల కట్ట, గాదెలో 20 మూటల వడ్లు. వంతు వచ్చినప్పుడు ఒక కార్డు తీసి, రెండు గింజలు పుచ్చుకోవాలి. కార్డు దింపాలంటే దానిమీద రాసినన్ని గింజలు చెల్లించాలి. ఎలుకకు ఒక గింజ. వంతుకొక మూట తింటుంది. అడవిపందికి మూడు గింజలు, మూడు మూటలు. ఎలుకను పట్టే పిల్లికి రెండు. గాదె ఖాళీ అయినవారు ఓడినట్టు.

పొరపాటు ఒక గింజ కార్డులలో జరిగింది. వాటిని 'ఒకటికి మూడు' అన్న లెక్కతో రాశాము. 'కోతలు' గాదెకు మూడు మూటలు కలుపుతుంది. 'నిజాంసాగర్ నీళ్లు' కట్టలోనుండి మూడు కార్డులు ఇస్తుంది. సమానమే గదా అనుకున్నాము. ఆడితే తెలిసింది. మూడు మూటలను అడవిపంది ఒక్క వంతులో తినేస్తుంది. మూడు కార్డులు వచ్చినవాడి చేతిలో మూడు ఉపాయాలుంటాయి. మా పెద్దవాడు ఇది అందరికంటె ముందు కనిపెట్టి, మార్పిళ్లు చేసి నాలుగు 'నీళ్లు' కూడబెట్టాడు. వారం తిరిగేసరికి వాడితో ఆడేవారే లేరు.

ఆ కార్డు ఖరీదు మూడు గింజలకు పెంచుదామన్నాము. చిన్నపాప ఏడ్చింది. "నేను ఐదు కార్డులిచ్చి తెచ్చుకున్న. ఇప్పుడు మారుస్తరా?" అని అడిగింది. మాకు జవాబు తోచలేదు.

ఇదే చిక్కు పెద్దవారికీ వచ్చింది. అమెరికాలో గణితం చదివిన రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' 1993లో వెలువడింది. అందులోనూ ఒకటికి మూడు ఇచ్చే కార్డులు ఐదు ఉండేవి. ప్రాణం మూడు పెంచే కార్డును ఎవరూ అంతగా లక్ష్యపెట్టలేదు; మూడు కార్డులు తీసుకోనిచ్చేది మాత్రం ఆటలోకెల్లా బలమైనవాటిలో ఒకటయింది. 1994లో పోటీలకు నిబంధన పెట్టారు: అటువంటివి కట్టకు ఒక్కటే. కార్డుమీది రాత మార్చలేదు.

మేమూ అదే చేశాము. పాప కార్డు పాపకే ఉంది. పెద్దవాడు రెండు రోజులు మూతి ముడుచుకొని, తన మిగులు 'నీళ్లు' మూడింటినీ అవి లేని పిల్లలకిచ్చి బదులు ఎలుకలు తీసుకున్నాడు. ఇప్పుడు వీధంతా పిల్లి కార్డుకు గిరాకీ.