చదువుకోని చేతుల మాట ఎవరు వినాలి?



మన షాద్‌నగర్ దగ్గర జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి పెద్ద పెద్ద యాంటెన్నాలు ఉన్నాయి. ఉపగ్రహాలు మన భూములను, చెరువులను, పంటలను చూసి పంపే సమాచారాన్ని అవి అందుకుంటాయి. ఆకాశం నుండి వచ్చే కబురు వినడానికి ఇంత ఏర్పాటు ఉండడం మంచిదే. అయితే అదే చెరువు కింద నలభై ఏండ్లు సేద్యం చేసిన పెద్దాయనకు తెలిసిన సంగతి ఎవరు వింటున్నారు? ఏ కాలేజీకి, ఏ ఆఫీసుకు చెందని మనిషి మాటకు పండితుల మధ్య చోటున్నదా?

దీనికి జవాబు మన పాత నల్గొండ జిల్లాలోనే దొరుకుతుంది. ఆలేరు దగ్గర శారాజిపేట గ్రామానికి చెందిన చింతకింది మల్లేశం గారు చేనేత కుటుంబంలో పుట్టి, పేదరికం వల్ల చిన్నతనంలోనే బడి మానేశారు. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందుగా ఆసు పోయాలి. అంటే నూలును మేకుల వరుస మీదికి అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి. ఆ తరువాతే ముడులు కట్టి రంగులు అద్దుతారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక మల్లేశం గారు 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. అప్పులయ్యాయి, ఊరివారు ఎగతాళి చేశారు. అయినా 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. గంటల కొద్దీ పట్టే పని గంటన్నరలో ముగిసింది, భుజానికి విశ్రాంతి దొరికింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇంజనీర్లు లేకనా ఈ యంత్రం అంతకు ముందు రాలేదు? ఉన్నారు. కాని ఆసు పోసే తల్లి నొప్పి వారి బల్ల దాకా చేరలేదు. నొప్పి తెలిసినవారిని దూరంగా ఉంచితే మందు తెలిసినవారు కూడా ఏమీ చేయలేరు. బయటివారికి చోటివ్వడం దయాధర్మం కాదు. అది విద్యకే అవసరం.

ఈ సంగతి గ్రహించినవారు పండితులలోనూ ఉన్నారు. అహమదాబాదు ఐఐఎంలో ఆచార్యులుగా పనిచేసిన అనిల్ గుప్తా గారు 1980ల చివర 'హనీ బీ' నెట్‌వర్క్ మొదలుపెట్టారు. తేనెటీగ తేనె తీసుకున్నా పువ్వుకు లోటు రాదు. అలాగే పల్లెవారి నుండి జ్ఞానం తీసుకుంటే వారి పేరు చెప్పాలి, దానిని వారి భాషలోనే వారికి తిరిగి అందించాలి, లాభం వస్తే వాటా ఇవ్వాలి అన్నది వారి నియమం. మన రాష్ట్రంలో 'పల్లె సృజన' సంస్థవారు గ్రామాలు నడిచి ఇటువంటివారిని వెదుకుతున్నారు.

వేదమెరిగినవారికి ఇది కొత్త మాట కాదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో గొప్ప విద్వాంసుడు. ఆయనకు తెలియని సంగతిని విశదపరచినది డేరాలు కుట్టుకొని బ్రతికే అకుల, ప్రిస్కిల్ల దంపతులు. వారు చెప్పడానికి జంకలేదు, ఆయన వినడానికి సిగ్గుపడలేదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. శాలువా కప్పడం వేరు, చోటివ్వడం వేరు. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన కిన్నెర కళాకారులు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేసుకుంటున్నారని పత్రికలలో చదివి ఎందరో బాధపడ్డారు. చప్పట్లు కడుపు నింపవు.

మరి మన వంతు ఏమిటి? మీ అబ్బాయో అమ్మాయో కాలేజీ ప్రాజెక్టు కోసం ఊరికి వచ్చి అవ్వను, తాతను, మంత్రసానిని, గొర్రెల కాపరిని ప్రశ్నలడిగితే, వారి అనుమతితో వారి పేరు రాయమని చెప్పండి. పని ముగిశాక మళ్లీ వచ్చి తెలుగులో చదివి వినిపించమనండి. వ్యవసాయ అధికారి ఊరికి వస్తే చేతులు కట్టుకొని వినడమే కాక మీరు చూసినదీ చెప్పండి. ఏ వాన ఎప్పుడు పడిందో, ఏ విత్తనం ఎలా పండిందో నోటుబుక్కులో రాసి ఉంచితే మాటకు బలం వస్తుంది. అనుభవంతో చెప్పిన ప్రతి మాటా నిజమే కానక్కరలేదు, దానినీ పరీక్షించాలి. కాని వినకుండా పరీక్షించడం ఎలా?

సంఘ కమిటీలోనైనా, బడి కమిటీలోనైనా వెనుక వరుసలో కూర్చున్న ఆ తల్లిని ఈసారి ముందుగా అడుగుదాం. "నీకేం తెలుసు?" అని కాదు. "నీకు తెలిసినది మాకు చెప్పమ్మా" అని.