మన ఇంటి మోరీ, పొరుగింటి సంపు

మదర్సాలో చేరిన బాలుడి చేతికి ఫిఖ్హ్ గ్రంథం ఇవ్వగానే అతనికి మొట్టమొదట ఎదురయ్యే అధ్యాయం తహారత్. ఏ నీరు శుద్ధమైనది, ఏది కాదు, బావిలో ఏది పడితే ఎంత నీరు తోడిపోయాలి అన్న చర్చతోనే ధర్మశాస్త్ర అధ్యయనం ప్రారంభమవుతుంది. ఈ అధ్యాయాన్ని మేము ఇరవై ఐదేళ్ళకు పైగా బోధిస్తున్నాము. అయినప్పటికీ మా సొంత ఇంటి నేల కింద పగిలిన మురుగు గొట్టం పొరుగింటి నీటిని పాడుచేస్తున్నదని, ఆ పొరుగాయన వచ్చి చెబితే తప్ప మాకు తెలియలేదు. తెలియలేదనడం కూడా పూర్తి నిజం కాదు. గొట్టం చెడిపోయిందని ఎనిమిది నెలలుగా తెలుసు. అందులోంచి కారుతున్నది ఎవరి ఇంటికి చేరుతున్నదో మాత్రం ఆలోచించలేదు.

హైదరాబాదులో మేముంటున్న ఇల్లు మా తండ్రిగారు కట్టించినది. నలభై ఏళ్ళు దాటింది. ఆ రోజుల్లో మరుగుదొడ్డి నుండి వీధి మ్యాన్‌హోలు దాకా మెరుపు పూత గల మట్టి గొట్టాలు వేసేవారు. ఒక్కొక్క ముక్క రెండడుగులు. మా ఇంటి నుండి వీధికి 40 అడుగులు. అంటే దాదాపు 20 అతుకులు. గొట్టం తరతరాలు నిలుస్తుంది, చెడేది అతుకు. నేల కుంగినప్పుడు అతుకులోని సిమెంటు చిట్లుతుంది. ఆ చీలికలోంచి ఊరే తేమను వెదుక్కుంటూ చెట్ల వేళ్ళు వస్తాయి. వెంట్రుక వంటి వేరు లోపలికి దూరి, రెండేళ్ళలో కొబ్బరి పీచు కట్టలా పెరిగి దారిని మూసివేస్తుంది. మా వాకిట్లో వేపచెట్టు ఉంది.

లక్షణాలు కనిపిస్తూనే వచ్చాయి. స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు పోస్తే మరుగుదొడ్డిలో గుడగుడమని చప్పుడయ్యేది. ఒక్క చోట నీరు నిలిస్తే ఆ చోటే అడ్డు ఉందనుకోవచ్చు. ఇంట్లోని తూములన్నీ ఒకేసారి మందగిస్తే దోషం వాటన్నిటినీ కలిపే గొట్టంలోనే ఉందని అర్థం. నడివేసవిలో కూడా వాకిట్లో రెండు షాబాదు బండల మధ్య మట్టి తడిగానే ఉండేది. ఒక బండ బొటనవేలంత లోతుకు కుంగింది. మేము ప్రతిసారీ మనిషిని పిలిపించి వెదురు బద్దతో పొడిపించాము. పది పదిహేను రోజులు బాగుండేది, మళ్ళీ మొదటికే వచ్చేది. మూడుసార్లు అలా గడిపాము. తవ్వించక తప్పదని మేస్త్రీ చెప్పినప్పుడు, ఉమ్రా కోసం కూడబెట్టుకుంటున్న సొమ్ము మా కళ్ళముందు మెదిలింది. ప్రయాణం అయ్యాక చూద్దామన్నాము.

పక్కింటాయన ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, హిందూ సోదరులు. ఒకరోజు అసర్ నమాజు తరువాత గల్లీ మలుపులో మమ్మల్ని ఆపి ఇలా అన్నారు: “ఏమనుకోకుండ్రి మౌల్వీ సాబ్, పది దినాల సంది మా సంపు నీళ్ళు వాసనొస్తున్నయ్. మనవడికి వాంతులు, విరేచనాలు. నిన్న దవాఖానాలో సెలైన్ ఎక్కించిన్రు. మీ దిక్కు మోరీ ఏమన్న పలిగిందేమో ఒక్కపారి చూడరాదుండ్రి.” ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. పది రోజులుగా ఈ మాట చెప్పడానికి మొహమాటపడ్డారని ఆ ముఖం చూస్తే తెలిసింది.

నేలలో ఊరిన మురుగు నల్లా నీటిలోకి ఎలా చేరుతుందో చాలామందికి తెలియదు. మన పట్టణాల్లో నల్లా నీరు రోజంతా రాదు. వచ్చే గంటల్లో గొట్టంలో ఒత్తిడి ఉంటుంది గనుక ఎక్కడైనా చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. సరఫరా ఆగాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు గుండా చుట్టూ ఉన్న తడి లోపలికి లాగబడుతుంది. మరుసటి సరఫరాలో మొదటి బిందెలతో ఆ మురుగు సంపులోకి వస్తుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించేవారు ఈ లాగుడును మరింత పెంచుతారు. (మన గల్లీల్లో ఇది ఎంత మామూలు అయిపోయిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పక్కవారి వాటా నీటిని లాక్కోవడంతో పాటు వారికి మురుగునూ పంచిపెట్టే పని ఇది.) 2009లో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరు ఆనందపేటలో తాగునీటిలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండూ మనవారు ఎక్కువగా నివసించే వాడలే.

ఒక్క ఇంటి మోరీ ఒక వాడనంతటినీ ముంచిన ఉదంతం లండన్ నగర చరిత్రలో ఉంది. 1854లో అక్కడి బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా ప్రబలి 600 మందికి పైగా చనిపోయారు. రోగం చేతిపంపు నీటి వల్ల వస్తున్నదని జాన్ స్నో అనే వైద్యుడు వాదించాడు. ఆ వాదన తప్పని నిరూపించాలని హెన్రీ వైట్‌హెడ్ అనే స్థానిక చర్చి మతగురువు ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగి తిరిగి చివరకు వైద్యుడే సరైనవాడని అంగీకరించాడు. అంతేకాదు, పంపు పక్కనే ఉన్న ఇంట్లో ఒక పసిపాప అందరికంటే ముందు జబ్బుపడిందని, ఆ పాప గుడ్డలు ఉతికిన నీటిని తల్లి ఇంటి మురుగు గుంటలో పోసిందని కనుగొన్నాడు. తవ్వి చూస్తే ఆ గుంట, మోరీ ఇటుకలు శిథిలమై ఉన్నాయి. పంపు బావి అక్కడికి మూడడుగుల లోపే ఉంది. ఆ తల్లికి ఏమీ తెలియదు. మాకు తెలుసు.

పొరుగాయన చెప్పిన రాత్రి మేము మొదట విప్పింది ఫిఖ్హ్ గ్రంథాన్నే. మా సంపు కూడా కలుషితమై ఉంటే ఆ నీటితో చేసిన వుజూల సంగతేమిటన్నది మా చింత. బావిలో చచ్చిన జంతువు కనిపించి, అది ఎప్పుడు పడిందో తెలియకపోతే ఏం చేయాలన్న చర్చ మాకు కంఠతా వచ్చు. జంతువు ఉబ్బకపోతే ఒక పగలు ఒక రాత్రి నమాజులు, ఉబ్బితే మూడు రోజుల నమాజులు తిరిగి చేయాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం. ఎప్పుడు పడిందో నిశ్చయంగా తెలిసేవరకు గడిచిన నమాజులను తిరిగి చేయనక్కరలేదని ఆయన శిష్యులిద్దరి అభిప్రాయం. మేము పుటలు తిప్పుతుండగా మా శ్రీమతి తలుపు దగ్గర నిలబడి అడిగింది: “నమాజుల సంగతి మీ కితాబుల్లో ఉంది సరే, ఆ పిల్లవాడి సంగతి ఎందులో ఉంది?”

అది కూడా ఉంది. మేమే ఆ పుట దాకా వెళ్ళలేదు. హనఫీ ఫిఖ్హ్‌లో మురుగునీరు పారే హక్కుకు ‘హక్కె మసీల్’ అని ప్రత్యేకంగా పేరుంది. తుర్కీ ఉస్మానీ సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు క్రోడీకరించిన ‘మజల్ల’ న్యాయస్మృతిలోనైతే అచ్చంగా మా సమస్యే ఉంది. ఒకరి మంచినీటి బావి సమీపంలో మరొకరు మురుగు గుంటనో కాలువనో ఏర్పరచగా ఆ నీరు చెడితే, ఆ హానిని తొలగించాలి. ఏ విధంగానూ తొలగించడం వీలుకాకపోతే ఆ మోరీనే పూడ్చివేయాలి. సొంత స్థలంలో సొంత ఖర్చుతో కట్టుకున్నదే కదా అన్న సమాధానం అక్కడ చెల్లదు. పొరుగువాడు ఎవని కీడు నుండి నిశ్చింతగా ఉండలేడో అతని విశ్వాసాన్ని దైవప్రవక్త (స) నిరాకరించారని బుఖారీ హదీసు. ఆ పొరుగువాడు ముస్లిమై ఉండాలన్న షరతు ఏదీ అందులో లేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తమ ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదుడైన పొరుగువానికి పంపారా లేదా అని మొదట అడిగి తెలుసుకున్నారు. ఇక ఉమ్రా విషయమా? మా మస్లక్‌లో అది సున్నత్. పొరుగువారికి హాని తొలగించడం వాజిబ్. ఈ రెండింటిలో ఏది ముందో మా విద్యార్థుల్లో అందరికంటే చిన్నవాడు కూడా చెప్పగలడు.

మరునాడే పరీక్ష చేయించాము. వీధి వైపు చాంబరులో గొట్టం నోటిని ఇసుక నింపిన గోనెసంచితో బిగించి, ఇంటివైపు చాంబరును నీటితో నింపి, మట్టం దగ్గర సుద్దతో గీత గీశాము. అరగంటలో నీరు జానెడు దిగిపోయింది. ఒక అతుకును బాగుచేస్తే చాలని ఒక మేస్త్రీ అన్నాడు గానీ, ఒకే వయసున్న 20 అతుకుల్లో ఒకటి పోయిందంటే మిగిలినవి వరుసలో నిలబడి ఉన్నట్లే. మొత్తం మార్చడానికే నిశ్చయించాము.

తవ్వినప్పుడు బయటపడినదాన్ని చూసి మేస్త్రీ కూడా కాసేపు మాట్లాడలేదు. పొరుగింటి ఇనుప నల్లా గొట్టం మా మోరీకి మూరెడు దూరంలో, దానికంటే కిందుగా పోతున్నది. తుప్పు తిని రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. దాని చుట్టూ మట్టి నల్లని బురద. తాగునీటి గొట్టం ఎప్పుడూ మురుగు గొట్టానికి వీలైనంత దూరంగా ఉండాలి, దాటవలసి వస్తే పైనుంచే దాటాలి. ఆ గొట్టాన్ని కూడా మా ఖర్చుతోనే మార్పించి, గోడవారగా పైకి తెచ్చాము. ఆయన వద్దన్నారు. మేము వినలేదు.

కొత్త గొట్టం విషయంలో కొన్ని మాటలు. దుకాణంలో చవకగా దొరికే పల్చని తెల్లని గొట్టాలు పొలాలకు నీరు పారించడానికి ఉద్దేశించినవి. నేల కింద మురుగుకు పనికిరావు. భూగర్భ మురుగు కోసమే తయారయ్యే ఇటుక రంగు మందపాటి గొట్టాలున్నాయి, వాటిపై ఐఎస్ 15328 అన్న ముద్ర చూసుకోవాలి. నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. కంటి అంచనా మీద ఆధారపడకుండా ట్యూబు లెవెల్ పెట్టించాము. అప్పుడు తెలిసింది, పాత గొట్టం మధ్యలో ఊయలలా వంగి ఉందని. గుంత అడుగున రాళ్ళు ఏరివేసి నాలుగంగుళాల ఇసుక పరుపు వేసి, గొట్టం దానిపై పొడవునా ఆనేలా చూశారు. మలుపు దగ్గర గొట్టాన్ని నేరుగా వంచకుండా చిన్న చాంబరు కట్టించాము. రేపు అడ్డు పడితే నేల తవ్వనవసరం లేకుండా అక్కడినుంచే శుభ్రం చేయవచ్చు. వేపచెట్టును కొట్టించమన్నవారున్నారు. మేము ఒప్పుకోలేదు. గొట్టం దారినే ఆరడుగులు పక్కకు జరిపాము.

ఒక్క చోట మాత్రం మేము మళ్ళీ తప్పటడుగు వేయబోయాము. వీధి మ్యాన్‌హోలు దగ్గర పూడిక ఉంది, మా కొత్త గొట్టం నీరు అక్కడ నిలుస్తున్నది. కూలివాళ్ళలో ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు, ఐదువందలిస్తే దిగి తీస్తానన్నాడు. పని త్వరగా అయిపోతుందన్న ఆత్రంలో మేము తల ఊపేశాము కూడా. మేస్త్రీయే అడ్డుపడ్డాడు, అల్లాహ్ అతనికి మేలు చేయుగాక. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. వాసన తగ్గింది కదా అని దిగినవాడు తిరిగి రాడు. మనుషులను రక్షణ సాధనాలు లేకుండా ఇలా దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా ప్రకటించింది. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. హైదరాబాదులో ఇరుకు గల్లీల కోసం చిన్న జెట్టింగు యంత్రాలు 2017 నుండే ఉన్నాయి. వీధి మ్యాన్‌హోలు మన సొత్తు కాదు, దాన్ని తెరవవలసింది కూడా మనం కాదు. ఫిర్యాదు నమోదు చేయించిన రెండో రోజు యంత్రం వచ్చి గంటలో పూడిక తీసి వెళ్ళింది. ఆ కుర్రవాడు గట్టున కూర్చుని చూస్తూ టీ తాగాడు.

పని నాలుగు రోజులు సాగింది. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లోని ఆడవారికి, పిల్లలకు తమ మరుగుదొడ్డి ఇచ్చినవారు ఆ పొరుగింటివారే.

గొట్టంపై మట్టి కప్పకముందే మళ్ళీ నీరు నింపి పరీక్షించాము. గంట గడిచినా సుద్ద గీత దగ్గరే నిలిచింది. తరువాత పక్కింటి సంపును మా కుమారులిద్దరూ పూర్తిగా తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పొడి కలిపిన నీటితో నింపి, ఒక రాత్రి ఉంచి, పారబోసి, మళ్ళీ నింపారు. వారం రోజులు నీరు కాచి తాగమని డాక్టరు చెప్పారు. పిల్లవాడు కోలుకుని బడికి వెళ్తున్నాడు, అల్‌హందులిల్లాహ్. మా చేతిలోని ఉమ్రా సొమ్ములో సగానికి పైగా ఖర్చయింది.

చివరగా కొత్త గొట్టం ఏ గోడకు ఎన్ని అడుగుల దూరంలో, ఎంత లోతులో పోతున్నదో, పొరుగింటి నల్లా దాన్ని ఎక్కడ దాటుతున్నదో కొలిచి కాగితంపై గీయించాము. మా తండ్రిగారి కాలంలో ఇలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే సగం వాకిలి తవ్వే పని తప్పేది. ఒక ప్రతి మా ఇంటి దస్తావేజులతో ఉంచాము. రెండోది పొరుగాయనకు ఇచ్చాము. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చూసి, నల్లా బిల్లుల కట్టలో పెట్టుకున్నారు.