డాబా మీద వడియాలు - కొండ మీద మబ్బు



ఎండాకాలం వచ్చిందంటే మనకి డాబాయే రెండో వంటిల్లు. వడియాలు, అప్పడాలు, ఏడాదికి సరిపడా మిరపకాయలు - అన్నీ అక్కడే ఆరాలి. అందుకే ఇంట్లో అందరికన్నా ఎక్కువసార్లు ఆకాశం వంక చూసేది మనమే. ఆ చూడటమేదో కాస్త తెలిసి చూస్తే వడియాలే కాదు, ప్రాణాలు కూడా దక్కుతాయి.

మా ఇల్లు మిర్యాలగూడలో. డాబా మీద నించుంటే నైరుతి దిక్కున, కృష్ణకి ఆవల, నల్లమల ఉండాలి. కాని కనబడదు. ఎత్తైన శిఖరాలే 900 మీటర్ల దరిదాపు, ఇంత దూరానికి ఆనవు. అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక అప్పుడప్పుడు ఆ దిక్కున తెల్లటి మబ్బు గోపురంలా లేస్తుంది. కొండ కనబడకుండా కొండమీది మబ్బెలా కనబడుతుందంటారా? అది 12, 13 కిలోమీటర్ల ఎత్తుకి ఎదుగుతుందండీ! గాలి తేటగా ఉంటే సూర్యాపేట, కోదాడ వాళ్ళకీ దాని తల కనిపిస్తుంది.

ఎండకి కొండ వాలులు కాగి, వాటిని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి పోతుంది. దానిలో తేమ ఉంటే, పైన చల్లబడి, గిన్నె మూతకి పట్టిన ఆవిరిలాగే నీటిబొట్లవుతుంది. ఇంకా పైకి పోతే మంచు. మంచు పలుకులూ, వడగళ్ళూ ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది. అదే మెరుపు, అదే పిడుగు.

దూదిపింజల్లా విడివిడిగా తేలే చిన్న మబ్బులకి భయపడక్కర్లేదు. కాలీఫ్లవర్ పువ్వులా తల ఉబ్బుతూ పైకి పెరిగేదాన్ని కనిపెట్టి ఉండాలి. దాని తల కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుని, అడుగు నల్లబడిందంటే వడియాలు అప్పుడే ఎత్తేయాలి. ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లగాలి కొట్టిందంటే అది వచ్చేసినట్టే.

ఒక మే నెలలో నేను ఆ చల్లగాలి కొట్టాకే మిరపకాయలు ఎత్తడానికి డాబా ఎక్కాను. ఇంకా చినుకు పడలేదు కదా అని ధీమా. కింద నించి మా అత్తగారు, "మిరపకాయలు పోతే పోనీ, ముందు నువ్వు దిగవే!" అని కేకేశారు. విసుక్కుంటూనే దిగాను. మెట్ల మీద ఉండగానే పక్కింటి కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. ఆ చెట్టు మొవ్వు మాడిపోయింది. వాన పడేచోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడవచ్చని తర్వాత తెలుసుకున్నాను.

అందుకని మెరుపు మెరవగానే అంకెలు లెక్కపెట్టండి. ఉరుము వినబడటానికి మూడు సెకన్లు పడితే మెరుపు కిలోమీటరు దూరాన ఉన్నట్టు. ముప్ఫై లోపే వినబడితే లోపలికి పదండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా డాబా ఎక్కద్దు. ఆ సమయంలో కుళాయి, కిటికీ ఊచలు ముట్టుకోవద్దు. చెట్టు కింద అసలే నిలబడద్దు. ఇంట్లో పనిచేసే అమ్మాయికీ, పొలం వెళ్ళేవాళ్ళకీ ఈ మాట చెప్పండి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారి 'దామిని' యాప్ కూడా పిడుగు హెచ్చరిక చెబుతుంది.

అన్ని వానలూ ఇలా డాబా మీద నించి తెలియవు సుమండీ. 2024 సెప్టెంబరు 1న కోదాడ, సూర్యాపేట ప్రాంతాలని ముంచెత్తింది బంగాళాఖాతం వాయుగుండం. సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. అలాంటి ముసురులో మబ్బుని చూసి లెక్క కట్టలేం. వాతావరణ శాఖ ఎరుపు హెచ్చరిక ఇచ్చిందంటే ఇల్లు కదలకుండా ఉండటం, వాగు దాటకుండా ఉండటమే తెలివి.

ఈ వేసవిలో డాబా ఎక్కినప్పుడు ఒకసారి దూరంగా కూడా చూడండి. నల్లబడిన వడియాలు మళ్ళీ పెట్టుకోవచ్చు. సెలవు.