మూసిన తలుపునకు ఈవల

పూర్వపు రాజమందిరములలో కోపగృహమని ఒక గది యుండెడిదని మన కావ్యములు చెప్పును. కైకేయి సొమ్ములు తీసి పారవైచి నేలపై శయనించినది ఆ గదిలోనే. నంది తిమ్మన పారిజాతాపహరణములో సత్యభామ అలిగి చేరినదియు అట్టి గృహమునకే. అలుగువారికై వేరుగా ఒక గదిని కట్టించిన నాగరికత మనది. అలకపాన్పు పేరిట పెండ్లికుమారునిచేత పనిగట్టుకొని అలిగించి, అత్తమామలచేత బ్రతిమాలించి, కానుకలతో ఆ అలక తీర్చు వేడుక మొన్నమొన్నటివరకు పెండ్లిండ్లలో తరచుగా సాగుచునే యుండెను. ఇందువలన మనకొక విద్య చక్కగా అబ్బినది. ఇంటిలో ఎవరైన ముఖము చాటుచేసికొని తలుపు వేసికొన్నచో, వెంటపడి పిలువవలెననియు, కారణము రాబట్టవలెననియు, బుజ్జగించి లేవదీసి నలుగురిలోనికి తీసికొని రావలెననియు మనకు ఒకరు నేర్పనక్కరలేదు. అలిగినవాడు కోరునదియు అదే. అతడు తలుపు మూయుట ఎవరో వచ్చి తట్టుటకే.

చిక్కెక్కడ వచ్చినదనగా, దుఃఖితుడును సరిగా అట్లే తలుపు మూయును. వెలుపలినుండి చూచువారికి ఈ రెండు తలుపులకును భేదము కనబడదు. అలిగినవానికి ప్రేక్షకుడు కావలెను. దుఃఖితునకు ఆ ప్రేక్షకుడే భారము. అలకకు చేయు వైద్యమును దుఃఖమునకు చేయుటవలన మన ఇండ్లలో జరుగు అపకారము, నా ఉద్దేశములో, మనము దుఃఖితులను బొత్తిగా పట్టించుకొనకపోవుటవలన జరుగు అపకారమునకంటె తక్కువది కాదు.

పోటీ పరీక్షలో ముమ్మారు విఫలుడైన యువకుని ఇల్లు ఊహించుకొందము. "ఏమైందిరా?" అని తల్లి. "ఏమీ లేదమ్మా." "ఏమీ లేకపోతే అన్నానికి రావేం?" "నన్ను కాసేపు వదిలెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది." అర్ధగంట గడువకముందే తండ్రి వచ్చి తలుపు తట్టును. తరువాత మేనమామ ఫోనులో, "ఒరే అల్లుడూ, ఈమాత్రానికే ఇంత డీలా పడితే ఎలారా, నీకేం తక్కువని?" అని మొదలుపెట్టి, తాను పడిన కష్టములన్నియు ఏకరువు పెట్టును. అందరును ప్రేమతోనే వచ్చిరి; సందేహము లేదు. కాని ఆ యువకుని పక్షమున లెక్క కట్టినచో, తన దుఃఖమును భరించుటకు తోడుగా, తన దుఃఖమువలన కలిగిన ముగ్గురి కంగారును సముదాయించు పని కూడ అతని నెత్తిన పడినది.

ఏకాంతము కోరుట దుఃఖితుని మొండితనము కాదని చెప్పుటకు జీవశాస్త్రములో కొంత ఆధారము కలదు. జ్వరము తగిలిన పశువు మందను విడిచి, మేత మాని, ఒక మూల ముడుచుకొని పడియుండుట మన రైతులందరు ఎరిగినదే. ఇది కేవలము నీరసము కాదనియు, శరీరము తన శక్తిని రోగముతో పోరాడుటకై పొదుపు చేసికొను ఉపాయమనియు 1988లో కాలిఫోర్నియాకు చెందిన పశువైద్య శాస్త్రజ్ఞుడు బెంజమిన్ హార్ట్ ప్రతిపాదించెను. రోగక్రిమి ప్రవేశించినపుడు రక్షక కణములు సైటోకైన్లను పదార్థములను విడుదల చేయును. వాటి వార్త రక్తముద్వారమునను, వేగస్ నాడిద్వారమునను మెదడును చేరగా, ఆకలి చచ్చును, మగత క్రమ్మును, నలుగురితో కలియు కోరిక సన్నగిల్లును. మనోవ్యాకులతతో బాధపడువారిలో కొందరి రక్తమున ఇట్టి పదార్థముల పాలు హెచ్చుగా నుండుటయు పరిశోధకులు గమనించిరి. అందరిలోను కాదు సుమా. దుఃఖమంతయు ఈ పదార్థముల పనియేనని తేల్చివేయుటకు ఇంతమాత్రము చాలదు.

అయితే ఈ కథలో ఒక మలుపు కలదు. లాస్ ఏంజిలిస్‌లో నయోమి ఐసెన్‌బర్గరు బృందము, ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు, స్వల్ప మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో, సూక్ష్మజీవుల పైపొరలోని ఒక పదార్థమును ఎక్కించి, కొన్ని గంటలపాటు కృత్రిమముగా ఆ రుగ్ణస్థితిని కల్పించి చూచినది. వారికి తాము లోకమునుండి తెగిపోయినట్లు తోచినదని 2010లో ప్రకటించిరి. అంతవరకు అనుకొన్నదే. కాని 2015లో వెలువడిన మరియొక పరిశోధనలో, అట్టి స్థితిలోనున్నవారికి తమకు మిక్కిలి ఆప్తులైన వారి సన్నిధిపై కోరిక తగ్గుటకు మారు పెరిగినట్లును, ఆప్తుల చిత్రపటము చూపినపుడు మెదడులో ఇష్టవస్తువులకు స్పందించు భాగము మరింత చురుకైనట్లును తేలినది. అనగా లోకము వద్దు, తనవారు కావలెను. "నన్ను వదిలెయ్యండి" అను వాక్యములో, మీరు నాకక్కరలేదను అర్థము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. మీకు జవాబు చెప్పు ఓపిక నాకు లేదను అర్థము మాత్రము తప్పక యుండును.

ఓదార్పునకు కూడ ఒక వెల యున్నదని చూపిన ప్రయోగము వేరొకటి. అమెరికాలో న్యాయవాద వృత్తికై వ్రాయవలసిన న్యూయార్కు రాష్ట్ర పరీక్ష మిక్కిలి కఠినమని ప్రతీతి. ఆ పరీక్షకు చదువుచున్నవారిని, వారి సహచరులను నయాల్ బోల్జరు బృందము ప్రతిదినము వేర్వేరుగా చిట్టా వ్రాయుమని కోరినది: నేడు నీవు ఓదార్పు పొందితివా అని ఒకరిని, నేడు నీవు ఓదార్చితివా అని మరియొకరిని. 2000 సంవత్సరమున ప్రకటించిన ఫలితము వింతయైనది. తాము సాయము చేసితిమని సహచరులు వ్రాయగా, తాము పొందినట్లు పరీక్షార్థులు వ్రాయని దినములలోనే వారి దిగులు తగ్గెను. సాయము పొందితిమని గుర్తించి వ్రాసికొన్నపుడు దిగులు తగ్గకపోగా పెరిగెను. కంటబడిన సాయము, నీవు అశక్తుడవను మాటను కూడ మోసికొని వచ్చుననియు, ఋణభారము తోపించుననియు వారి వ్యాఖ్యానము. గ్రూప్సు పరీక్షలకు చదువు బిడ్డ ఉన్న ఇంటివారికి దీనికి వేరే వ్యాఖ్యానము అక్కరలేదనుకొందును. కరెంటు బిల్లు తానే కట్టి వచ్చి ఆ మాట ఎత్తని అన్నగారు, చుట్టములు వచ్చునప్పటికి వారిని వీధి అరుగుమీదనే కూర్చుండబెట్టి మాటలలో పెట్టు పిన్నిగారు ఈ విద్యలో ఆచార్యులు.

దీనిని సర్వత్ర వర్తించు సూత్రముగా తీసికొనరాదు. దుఃఖము తీవ్రముగా నున్నవారికి స్పష్టముగా కనబడు ఆదరణయే మేలు చేసినదని ఆక్లండు పరిశోధకులు 2013లో చూపిరి. గుప్తసాయము ఎల్లవేళల గొప్పదని కాదు; మనిషి మునిగిపోవుచున్నపుడు చేయి అందించుట చాటుమాటుగా చేయదగిన పని కాదు.

ఈ విషయమున నన్ను మిక్కిలి ఆకర్షించినది శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు చెందిన మనోవైద్యుడు జెరోమ్ మాటో చేసిన పని. 1969 మొదలు 1974 వరకు అక్కడి తొమ్మిది ఆసుపత్రులలో మనోవ్యాకులతవలన గాని, ఆత్మహత్యా ప్రయత్నమువలన గాని చేర్చబడిన 3005 మందిని ఆయన బృందము పరిశీలించెను. ఇంటికి పోయిన తరువాత వారిలో 843 మంది తమకిక వైద్యము వద్దని నిరాకరించిరి, లేదా నడుమనే మానివేసిరి. వైద్యశాస్త్రము సాధారణముగా ఇక్కడ చేతులు కడుగుకొనును. రానివారిని ఎవరేమి చేయగలరు? మాటో ఆ నిరాకరించినవారినే ఎన్నుకొనెను. వారిని యాదృచ్ఛికముగా రెండు భాగములు చేసి, ఒక భాగమునకు జాబులు పంపుచు, రెండవ భాగమునకు ఏమియు పంపక విడిచెను. మొదటి నాలుగు నెలలు నెలకొకటి, పిమ్మట ఎనిమిది నెలలు రెండు నెలలకొకటి, ఆపైన నాలుగు సంవత్సరములు మూడు నెలలకొకటి, వెరసి అయిదేండ్లలో ఇరువదినాలుగు జాబులు.

ఆ జాబులలో ఏమున్నది? దాదాపు ఏమియు లేదు. ఆసుపత్రిలో వారితో మాటలాడిన వ్యక్తియే వ్రాయును. మీరు మా వద్దనుండి వెళ్ళి కొంతకాలమైనది, క్షేమమని తలంతుము, వ్రాయదలచిన వ్రాయుడు, సంతోషింతుము అను తీరున రెండు మూడు వాక్యములు. మందు వేసికొనుచున్నారా అను ప్రశ్న లేదు, ఆసుపత్రికి రమ్మను మాట లేదు. ప్రత్యుత్తరమునకు చిరునామా వ్రాసిన కవరు జతచేసిరి గాని, దానిమీద తపాలా బిళ్ళ అంటింపలేదు. పిసినారితనమని తోచవచ్చును, కాని బిళ్ళ అంటించిన కవరు బల్లమీద పడియుండి ప్రతిదినము జవాబు అడుగుచుండును, అంటింపనిది అడుగదు. ఎవరైన వ్రాసినచో మాత్రము, వారి మాటలకు తగినట్లు విడిగా బదులు వ్రాసిరి.

ఫలితములు 2001లో వెలువడినవి. జాబులందుకొన్న భాగములో ఆత్మహత్యలు అయిదేండ్లును తక్కువగానే యుండెను. మొదటి రెండేండ్లలో ఆ భేదము యాదృచ్ఛికము కాదని గణితము నిరూపించెను. జాబులు ఆగిన తరువాత భేదము క్రమముగా కరగి, పదునాలుగవ ఏటికి మాసిపోయెను. ఈ కడపటి విషయమే నాకు తక్కిన అంకెలకన్న నమ్మకము కలిగించుచున్నది.

ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ నగరమున, విషము మ్రింగి బ్రదికిన 772 మందిలో కొందరికి ఏడాదిలో ఎనిమిది పోస్టుకార్డులు పంపి చూచిరి. మరల ప్రయత్నించిన మనుష్యుల సంఖ్యలో చెప్పదగిన మార్పు రాలేదు గాని, ప్రయత్నముల సంఖ్య సుమారు సగమునకు తగ్గెనని 2005లో తెలియజేసిరి. టెహరానులో చేసిన ప్రయోగమును ఆశాజనకముగనే యుండెను. న్యూజిలాండులోని క్రైస్టుచర్చిలో మాత్రము అట్టి లాభము స్పష్టపడలేదు. కార్డు మంత్రపత్రము కాదుగదా.

ఇట్టి కార్డునకు సాటివచ్చు ఆచారము మనకు లేకపోలేదు. చావు జరిగిన ఇంట పొయ్యి రాజదు. బంధువులో ఇరుగుపొరుగువారో వండి తెత్తురు, ఏమి కావలెనని అడుగరు. పరామర్శకు వచ్చినవారు కొంతసేపు మౌనముగా కూర్చుండి, లేచి, వెళ్ళివత్తునని కూడ చెప్పక కదలిపోదురు. ఆ ఇంటివారు వీరికి కాఫీ ఇయ్యనక్కరలేదు, నవ్వనక్కరలేదు, గుమ్మముదాక సాగనంపనక్కరలేదు. జవాబు కోరని సన్నిధికి ఇంతకన్న చక్కని మర్యాద ఎవ్వరును కల్పింపలేరు. దీనిని మరణమునకు మాత్రమే దాచిపెట్టుటయే మన లోపము. ఉద్యోగము పోయినవానికి, పెండ్లి తప్పిపోయిన పిల్లకు, పురిటిమంచముమీద కారణము తెలియక కన్నీరు కార్చు కోడలికి ఇట్టి ఆచారము లేదు. వారికి మిగిలినది అలక వైద్యమే. డల్లాసులో ఒంటరిగా నున్న కుమారుడు ఫోను ఎత్తకపోయినచో, గుంటూరులోని తల్లిదండ్రులు ఒకే దినమున పదునేడుమారులు మ్రోగింతురు; "పెరట్లో జామచెట్టు కాసింది, జవాబు రాయక్కర్లేదు" అని ఫోటోతో ఒక సందేశము పంపుట వారికి తోచదు.

ఇంతదూరము ఏకాంతపక్షమున వాదించినవాడనే గనుక, దాని ఎల్ల కూడ చెప్పవలెను. దిగులు రెండు వారములు దాటి దినమంతయు వదలకున్నను, తిండియు నిద్రయు తప్పినను, నేను మీకు భారమైతిననియు, నేను లేకున్న అందరికి హాయియనియు మాటలు దొర్లినను, ఇక అది గౌరవింపవలసిన ఏకాంతము కాదు. అప్పుడు తలుపు తట్టి లోనికి పోవలెను. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని తిన్నగా అడుగవలెను. అడిగినచో లేని తలంపు పుట్టించినట్లగునని పెద్దలు జంకుదురు. న్యూయార్కు పాఠశాలలలో రెండువేలకు పైబడిన విద్యార్థులపై మాడ్లిన్ గూల్డు బృందము దీనినే పరీక్షించి, అడుగబడినవారిలో అడుగబడనివారికన్న అట్టి తలంపుగాని బాధగాని హెచ్చలేదని 2005లో ప్రకటించినది. ఇంటనున్న పురుగుమందు డబ్బాను అతనికి అందని చోటికి ఆ పూటనే చేర్చవలెను, ఒంటరిగా విడువరాదు, వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఏవేళనైన, ఖర్చులేకుండ, తెలుగులోనే ఫోను చేయవచ్చును. బాధపడువారే చేయవలెనని నియమము లేదు, ఇంటివారును చేయవచ్చును.

అంతవరకు రాని దిగులునకు, తలుపు ఈవలనుండి ఏమి చెప్పవలెనని నన్ను అడుగువారున్నారు. "చారన్నం మూతపెట్టి ఉంచాను. నేను హాల్లోనే చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటాను. నువ్వు రానక్కర్లేదు" అని ఒకమారు చెప్పి, చెప్పినట్లే హాలులో కూర్చుండి, నిజముగనే చిక్కుడుకాయలు ఒలువవలెను. చారన్నము తిన్నాడో లేదోయని అయిదేసి నిమిషములకు లేచి వచ్చి మూత తీసి చూడరాదు.