రంగు సరే... మరి బండి సంగతి?

ఇంట్లో కారు కొంటున్నారంటే చాలు, సలహాలకు కొదవుండదు. ఇంజను గురించి మావారు, మైలేజీ గురించి మరిదిగారు, మళ్లీ అమ్మితే ఎంతొస్తుందో పక్కింటాయన... అందరూ మాట్లాడాక చివర్లో మనవైపు తిరిగి 'రంగు మాత్రం నీ ఇష్టం' అంటారు. ఆ రంగైనా మనమనుకున్నది వస్తే గొప్పే! మరి ఆ బండిని రోజూ నడిపేది మనమే అయితే? పిల్లల్ని ట్యూషన్‌కి దింపేది, ఊళ్లో ఉన్న అమ్మను ఆసుపత్రికి తీసుకొచ్చేది మనమే అయితే? అప్పుడు రంగొక్కటే చూసి ఊరుకుంటే ఎలా!

నాదీ అదే పరిస్థితి. ఉద్యోగం, కాపురం గుంటూరులో. సత్తెనపల్లి దాటాక మా పుట్టిల్లు. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు, మోకాలి ఆపరేషనైంది. 'నా గడప దాటి ఎక్కడికీ రాను' అంటుంది. ఆ గడపేమో తారురోడ్డు దిగాక రెండు కిలోమీటర్ల డొంకలో, మిరప చేల మధ్యన ఉంది. అంతా నల్లరేగడి. ఎండాకాలంలో ఏ బండైనా పోతుంది. వాన పడితే మాత్రం ఆటోవాళ్లు తారురోడ్డు మీదే ఆగిపోతారు. అమ్మను చెకప్‌కి తీసుకురావాలంటే ట్రాక్టరు ట్రక్కులో కుర్చీ వేసి కూర్చోబెట్టాల్సిందే. అందుకే పాత చిన్న కారు అమ్మేసి, రోజూ ఆఫీసుకీ, అవసరమైతే డొంకలోకీ పనికొచ్చే చిన్న ఎస్‌యూవీ కొనాలనుకున్నా. నా జీతం, నా అప్పు... కాబట్టి చూసుకోవాల్సిందీ నేనే. రెండు నెలలు షోరూములు తిరిగి, చుట్టాల బళ్లు అడిగి నడిపి చూశాను. తెలుసుకున్నవి మీతో పంచుకుంటున్నా.

ఎత్తుగా ఉంటే సరిపోతుందా?

మనవాళ్లు ఎస్‌యూవీ అనగానే 'కొండలెక్కుతుంది, గుట్టలెక్కుతుంది' అంటారు. నిజానికి ఆ పేరుతో అమ్మే చిన్న బళ్లలో ఎక్కువ భాగం ముందు రెండు చక్రాలతోనే నడుస్తాయి. అంటే పనితీరులో మామూలు కారే, కాస్త ఎత్తు పెంచారంతే. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లు ఈ సైజులో చాలా తక్కువ. మారుతీ జిమ్నీ, మహీంద్రా థార్‌లో కొన్ని మోడళ్లు అలాంటివి.

బండి అడుగుభాగానికీ నేలకూ మధ్య ఉండే ఖాళీని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. టాటా నెక్సాన్‌కి ఇది 208 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. చూశారా, తేడా రెండు మిల్లీమీటర్లే! కానీ నెక్సాన్ ముందు చక్రాల బండి, జిమ్నీ ఫోర్‌వీల్ డ్రైవ్. ఎత్తు గోతిలో బండి అడుగు తగలకుండా కాపాడుతుంది. బురదలో లాగాల్సింది మాత్రం చక్రాలే. ఇంకో సంగతి... ఈ అంకెలు ఖాళీ బండివి. నలుగురు ఎక్కి, వెనకాల బియ్యం బస్తా వేస్తే ఆ ఎత్తు తగ్గుతుంది.

ఈ బళ్లన్నీ నాలుగు మీటర్ల లోపే ఎందుకుంటాయో తెలుసా? 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు పన్ను తగ్గించారు. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ లోపు ఇంజను ఉంటేనే ఆ లాభం. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్టీ మార్పుల్లోనూ ఇదే కొలత. దీని లోపుంటే 18 శాతం, దాటితే 40 శాతం. నెక్సాన్ పెట్రోలు ఇంజను 1,199 సీసీ కాబట్టి తక్కువ పన్నులోకి వస్తుంది. జిమ్నీ పొడవు 3,985 మిల్లీమీటర్లే అయినా పెట్రోలు ఇంజను 1,462 సీసీ కావడంతో ఎక్కువ పన్నులోకి పోతుంది. అంటే డొంకలోకి పోయే శక్తికి మనం కంపెనీకే కాదు, సర్కారుకీ అదనంగా కడుతున్నామన్నమాట.

ముందు మన రోజులు లెక్కేసుకుందాం

షోరూముకు వెళ్లేముందు నేను చేసిన పని క్యాలెండరు ముందేసుకోవడం. మన క్యాలెండరు నిండా పాలవాడి లెక్కలు, గ్యాసు తేదీలతోపాటు ఊరెళ్లిన రోజులూ రాసుంటాయి కదా! ఏడాదిలో అమ్మ దగ్గరికి ఇరవై ఆరుసార్లు వెళ్లాను. అందులో డొంక తడిగా ఉన్నవి ఎనిమిది. మిగిలిన రోజులన్నీ గుంటూరు వీధులే.

ఎనిమిది రోజుల కోసం అంత డబ్బా అని మావారన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఎనిమిది రోజుల్లో మూడు, అమ్మకు బాగోలేక కబురొస్తే వెళ్లినవి. రోజుల సంఖ్యతోపాటు ఆ రోజు మన అవసరం ఎంతటిదో కూడా లెక్కలో వేయాలి. అదే మీ ఊరికి సిమెంటు రోడ్డు పడి ఉంటే ఈ లెక్క ఇంకోలా తేలుతుంది.

సీట్లో కూర్చుంటే తెలుస్తుంది

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. బండి చూడ్డానికి రోజూ ఆఫీసుకి కట్టుకునే చీర, వేసుకునే చెప్పులతోనే వెళ్లాను. మీరూ అలాగే వెళ్లండి. ఎక్కేటప్పుడు కుచ్చిళ్లు పట్టుకుని ఎంత ఎత్తున కాలు వేయాలో అప్పుడే తెలుస్తుంది.

సీటు ఎత్తు పెంచుకునే వీలుందా చూడండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కాలు చాపి అందుకోవాల్సి వస్తే సీటు ముందుకు జరపాలి. అలా జరిపాక స్టీరింగుకీ మన ఛాతీకీ మధ్య కనీసం పది అంగుళాలు మిగలాలి. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మరీ దగ్గరగా కూర్చుంటే కాపాడాల్సిందే గాయం చేస్తుంది. పొట్టిగా ఉన్న మనలాంటివాళ్లకు ఇది ముఖ్యం. బానెట్ అంచు కనిపిస్తోందా, పక్క అద్దాల్లో వెనక చక్రం దాకా కనిపిస్తోందా అన్నదీ చూసుకోవాలి.

భద్రత మార్కులు అడగడం మరిచిపోకండి. 2018లో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు నెక్సాన్. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఈ పరీక్షలు జరుగుతున్నాయి. పెద్దవాళ్లకు, పిల్లలకు మార్కులు వేరువేరుగా ఇస్తారు. చిన్నపిల్లలున్నవాళ్లు రెండోదీ అడగాలి. మీరు కొనే మోడల్‌కి పరీక్ష జరిగిందా లేదా అన్నదీ తెలుసుకోవాలి.

బ్రాడీపేట వీధుల్లో...

మా వీధి సంగతి తెలిసిందే. ఒక పక్క ఆగిన స్కూటర్లు, ఇంకో పక్క కూరగాయల బండి. ఇక్కడ ఉపయోగపడేది వెడల్పు కొలత. జిమ్నీ వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, నెక్సాన్‌ది 1,804. ఆరంగుళాల పైన తేడా! ఇరుకు సందుల్లో ఆ ఆరంగుళాలే అద్దం పగలకుండా కాపాడతాయి. తిప్పుకోవడానికి మాత్రం లెక్క తిరగబడుతుంది. నెక్సాన్ టర్నింగ్ రేడియస్ 5.1 మీటర్లు, జిమ్నీది 5.7. అంటే ఒకేసారి వెనక్కి తిప్పాలంటే జిమ్నీకి సుమారు పదకొండున్నర మీటర్ల రోడ్డు కావాలి.

సామాన్ల సంగతికొస్తే నెక్సాన్ డిక్కీ 382 లీటర్లు, జిమ్నీది 208. జిమ్నీలో కూర్చునేది నలుగురే. స్టెప్నీ వెనక తలుపుకే ఉంటుంది, ఆ తలుపు పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి బండి వెనక కొంత జాగా కావాలి. మీ ఇంట్లో అయిదుగురుంటే ఇక్కడితోనే నిర్ణయమైపోతుంది.

మైలేజీకి వస్తే మాన్యువల్ గేర్ల జిమ్నీకి కంపెనీ చెప్పే అంకె లీటరుకు 16.94 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో ఆగుతూ పోతూ ఉంటే ఏ బండికైనా చెప్పిన అంకె రాదు. కాబట్టి కాగితం మీద ఇలా వేసుకోండి: నెలకు 900 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 17 ఇచ్చే బండికి 53 లీటర్లు, 13 ఇచ్చే బండికి 69 లీటర్లు. పదహారు లీటర్ల తేడా. ఇది మన బడ్జెట్‌లో ఏ ఖర్చును కోస్తుందో మనకే తెలుసు!

డొంకలోకి దిగాక

షోరూము వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి బురదలోకి బండి ఇవ్వరు. అందుకే మా ఆడపడుచు వాళ్ల ముందు చక్రాల బండినీ, మా పెద్దమ్మ కొడుకు జిమ్నీనీ అడిగి తీసుకెళ్లాను.

పొడిగా ఉన్న రోజున రెండూ ఒకటే. ట్రాక్టరు గాడి మధ్య మిట్ట మీద, అంచు మీద చక్రాలు పెట్టి నెమ్మదిగా పోతే ముందు చక్రాల బండికీ ఏమీ తగల్లేదు. ఓ మోస్తరు వాన పడిన మర్నాడు తేడా తెలిసింది. చిన్న మిట్ట ఎక్కేచోట దాని ముందు చక్రం ఒకటి గిర్రున తిరగడం మొదలైంది. ఈ రకం ఏ బండైనా అంతే. పట్టు లేని చక్రమే తిరుగుతుంది, పట్టున్న చక్రానికి బలం అందదు. ట్రాక్షన్ కంట్రోల్ అనేది తిరిగే చక్రానికి బ్రేకు వేసి కొంత సాయం చేస్తుంది, అదీ కొంతే. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొయ్యి పెరుగుతుంది. వచ్చిన గాడిలోనే వెనక్కి వచ్చేశాను.

అదే మిట్ట ఫోర్‌వీల్‌లో పెట్టుకుని ఎక్కితే ఇబ్బంది లేకుండా ఎక్కింది. జిమ్నీలో గేరు పక్కన ఇంకో చిన్న గేరుంటుంది. టూ హెచ్ అంటే మామూలు రోడ్డుకి, ఫోర్ హెచ్ అంటే జారే దారికి, ఫోర్ ఎల్ అంటే గట్టి లాగుడు కావాల్సిన చోటుకి. ఫోర్ ఎల్‌కి మార్చాలంటే బండి ఆపాలి. అప్పుడు వేగం బాగా తగ్గి బలం పెరుగుతుంది. గేర్ల సైకిలు తొక్కే పిల్లల్ని అడిగితే ఈ కిటుకు చెప్పేస్తారు. తూము దగ్గర లోతు గాడిలో మొదటి గేరులో పెట్టి క్లచ్ వదిలేస్తే, యాక్సిలరేటర్ తొక్కకుండానే అడుగులో అడుగేస్తూ దాటింది. ఒక్క జాగ్రత్త... పొడి తారురోడ్డు మీద ఫోర్ హెచ్‌లో తిప్పకూడదు. మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి. ఇందులో అలా తిరగనివ్వదు కాబట్టి టైర్లు అరుగుతాయి, లోపలి పళ్లచక్రాల మీద భారం పడుతుంది.

అలాగని ఫోర్‌వీల్ ఉంటే ఎక్కడికైనా పోవచ్చనుకోకండి. రెండోసారి రాత్రంతా కుంభవృష్టి కురిసింది. డొంక మొదట్లోనే మా బాబాయి చెయ్యడ్డం పెట్టి, 'అమ్మాయ్, ఇవాళ ట్రాక్టరే జారుద్ది, నువ్వెక్కడికమ్మా!' అన్నాడు. రేగడి పూర్తిగా నానితే చలిమిడి ముద్దలా టైరు చుట్టూ అంటుకుపోతుంది. టైరు గాళ్లు పూడిపోయాక నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. మామూలు రోడ్డు టైర్లతో అయితే మరీను. దారి మీద నీళ్లు పారుతుంటే కర్రతో లోతు చూడందే దిగకూడదు. గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు వెళితే ఇంజనే పోతుంది.

చివరికి ఏం తేల్చుకున్నానంటే...

అన్నిటికన్నా పెద్ద పరీక్ష పెట్టింది అమ్మ. నాలుగు చక్రాలున్నా, నలభై చక్రాలున్నా ఆవిడ ఎక్కలేకపోతే ఏం లాభం? ఆపరేషన్ అయిన కాలు అంత ఎత్తున పెట్టడం కష్టం. ఇంట్లో ముక్కాలి పీట తెచ్చి వేశాం. దాని మీద కాలు పెట్టి, తలుపు పైనున్న పిడి పట్టుకుని, ముందు సీట్లో పక్కకు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంది. 'ట్రక్కులో కుర్చీ కంటే నయమే' అంది. ఆ మాటతో నా లెక్క తేలిపోయింది. ఫోర్‌వీల్ బండికే డబ్బు కట్టాను. డిక్కీ చిన్నదైనా, పెట్రోలు ఎక్కువైనా, మా ఇంట్లో ఉన్నది నలుగురమే. ఏడాదిలో ఆ ఎనిమిది రోజుల్లో ఆరింటికైనా ఎవరినీ బతిమాలకుండా అమ్మ దగ్గరికి వెళ్లగలను. మిగిలిన రెండు రోజులకూ బాబాయి ట్రాక్టరు ఉండనే ఉంది.

మా పక్కింటావిడ కూడా ఇదే కొంటానంటే మాత్రం వద్దన్నాను. వాళ్ల అత్తగారి ఊరికి ఇంటిముందు దాకా సిమెంటు రోడ్డే. అత్తమామలతో కలిసి అయిదుగురు. వాళ్లకు ముందు చక్రాల బండి చాలు. మిగిలిన డబ్బు అమ్మాయి చదువుకి పనికొస్తుంది.

బయల్దేరే ముందు...

* ఏడాదిలో ఏ దారిలో ఎన్ని రోజులు తిరుగుతారో రాసుకోండి.

* రోజూ వేసుకునే బట్టలు, చెప్పులతో వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ తీసుకెళ్లి ఎక్కించి, దింపి చూడండి.

* నున్నటి రోడ్డు మీద కాకుండా మీ వీధిలో, స్పీడు బ్రేకర్ల మీద, ఫ్లైఓవర్ ఎత్తులో ఆపి మళ్లీ కదిలించి చూడండి. బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉందేమో అడగండి.

* 'ఎస్‌యూవీ' అన్న మాటతో సరిపెట్టుకోకుండా 'ఇంజను ఏ చక్రాలను తిప్పుతుంది?' అని అడగండి.

* సర్వీసు సెంటరు మీ ఊళ్లోనే ఉందా, ఎంత దూరమో కనుక్కోండి.

* స్టెప్నీ మార్చడం, జాకీ పెట్టడం షోరూములోనే ఒకసారి మీ చేత్తో చేసి చూడండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇవన్నీ అయ్యాక తీరిగ్గా రంగు చూసుకోవచ్చు. అన్నట్టు... రేగడి బురద తెలుపు మీద ఇట్టే కనబడుతుంది సుమా!