పలికే వస్తువులు

మానవుడు వాడుకొనే వస్తువులు చిరకాలం మూగవిగానే ఉండేవి. దీపం వెలుగుతున్నదో ఆరిపోయినదో తెలియాలంటే దాని వద్దకు మనమే వెళ్ళి చూడవలసివచ్చేది. నేడు అనేక వస్తువులు తమ స్థితిని తామే అంతర్జాలం ద్వారా తెలియజేస్తున్నాయి. ఈ ఏర్పాటునే ‘వస్తు అంతర్జాలం’ అంటారు.

దీనికి నాంది పలికిన వాటిలో ముఖ్యమైనది ఒక శీతలపానీయాల యంత్రం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉంది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి ఆచార్యులుగా పనిచేసిన విద్యాసంస్థ అది. అక్కడి కంప్యూటర్ విభాగంవారు దూరపు గదుల నుండి నడిచివచ్చి, యంత్రం ఖాళీగా ఉండటమో, సీసాలు చల్లబడకపోవడమో చూసి నిరాశతో వెనుదిరిగేవారు. 1982 ప్రాంతంలో వారికొక ఉపాయం తోచింది. యంత్రంలో సీసాల వరుస ఒక్కొక్కదానికి ఒక చిన్న దీపం ఉండేది. సీసా అమ్ముడైతే అది కొన్ని క్షణాలు వెలిగి ఆరేది. వరుస ఖాళీ అయితే వెలుగుతూనే ఉండేది. ఆ దీపాలను కంప్యూటరుకు అనుసంధానించారు. అప్పటినుండి అంతర్జాలానికి పూర్వరూపమైన ఆర్పానెట్ ద్వారా యంత్రం స్థితిని కూర్చున్నచోటనే తెలుసుకోగలిగారు. నింపి మూడు గంటలు గడచిన సీసాను కంప్యూటరు ‘చల్లనిది’గా లెక్కించేది.

1990లో జాన్ రామ్‌కీ రొట్టెలు కాల్చే యంత్రాన్ని అంతర్జాలం ద్వారా పనిచేయించి చూపాడు. అయితే రొట్టెను మాత్రం చేతితోనే పెట్టవలసివచ్చింది! 1999లో కెవిన్ ఆష్టన్ ఈ విధానానికి ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అని నామకరణం చేశాడు.

ఈ విద్య మన తీరానికీ చేరింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. 2013లో అనకాపల్లి పట్టణం విలీనమైన మహా విశాఖ నగరపాలక సంస్థలో, తుపాను తరువాతి సంవత్సరం సుమారు 90 వేల వీధిదీపాల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు అమర్చారు. ఇటువంటి దీపాల వరుసకు ఒక నియంత్రణ పెట్టెను జోడించవచ్చు. అది విద్యుత్ వాడకాన్ని కొలిచి, సెల్‌ఫోన్ సంకేతాల ద్వారా కేంద్రానికి తెలుపుతుంది. వాడకం తగ్గితే కొన్ని దీపాలు ఆరిపోయి ఉండవచ్చని గ్రహిస్తారు. వీధి వీధీ తిరిగి చూడవలసిన శ్రమ తప్పుతుంది.

సౌకర్యం వెన్నంటి ప్రమాదమూ ఉంది. 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రామ్ లక్షలాది కెమెరాలను, రౌటర్లను లోబరచుకొంది. తయారీదారు పెట్టిన సంకేతపదాలను యజమానులు మార్చకపోవడమే అందుకు ముఖ్యకారణం. ఆ పరికరాల దాడివల్ల అదే సంవత్సరం అక్టోబరులో ప్రసిద్ధ వెబ్‌సైట్లు ఎన్నో గంటల తరబడి స్తంభించాయి.

యజమానితో పలికే వస్తువు పరాయివానితోనూ పలుకుతుంది. కనుక అటువంటి పరికరాన్ని కొన్ననాడే దాని సంకేతపదం మార్చాలి. ఇంటికి తాళం వేయడం ఎంత సహజమో ఈ అలవాటూ అంత సహజం కావాలి.