గీజర్ కారుతోందా... కారనివ్వండి!

చలికాలం వచ్చిందంటే తెల్లారకముందే ఇంటింటా గీజర్ స్విచ్ పడుతుంది. మా ఇంట్లో కొత్త గీజర్ బిగించిన వారానికే ఒక వింత మొదలైంది. ఎర్ర దీపం వెలిగిన కాసేపటికి అడుగు నుంచి ‘టప్... టప్...’మంటూ చుక్కలు. మా అత్తయ్య కింద మగ్గు పెట్టారు. నీళ్లు కాగేసరికి సగం మగ్గు నిండేది. ‘కొత్త వస్తువు కారడమేంటి? ఆ ప్లంబర్‌ని పిలిపించండి’ అన్నారు. వచ్చినాయన రెండు నిమిషాలు చూసి, కారుతున్న చోట టెఫ్లాన్ టేపు చుట్టి ఓ బిరడా బిగించి వెళ్లిపోయాడు. చుక్క ఆగింది. అందరం సంతోషించాం.

నాలుగు రోజుల తర్వాత సర్వీసుకు వచ్చిన మెకానిక్, బాత్రూం గుమ్మంలోంచే ఆ బిరడా చూసి, లోపలికి అడుగుపెట్టకుండా ముందు స్విచ్ ఆపేశాడు. ‘ఇది ఎవరు పెట్టారమ్మా?’ అన్న అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

ఆ బిరడా పడింది సేఫ్టీ వాల్వు నోటికి. అంటే, పొయ్యి మీదున్న ప్రెషర్ కుక్కర్ విజిల్‌ని కదలకుండా కట్టేసినట్టు!

మన అమ్మమ్మల ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది, గుర్తుందా? మధ్యలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. ఎంత మసిలినా ఆవిరి పైనుంచి పోయేది. దాంట్లో ఒత్తిడి అన్న మాటే లేదు. గీజర్ అలాంటిది కాదు. అది నాలుగు వైపులా మూసిన ట్యాంకు. నీళ్లేమో వేడెక్కితే పెరుగుతాయి. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు కాగితే సుమారు 400 మిల్లీలీటర్లు ఎక్కువవుతాయి. మా అత్తయ్య మగ్గులో పట్టిన నీళ్లు అవే!

‘మరి మా పాత గీజర్ ఎప్పుడూ కారలేదే?’ అంటారా? వచ్చే పైపులో అడ్డు లేకపోతే, పెరిగిన నీళ్లు వెనక్కి ఓవర్‌హెడ్ ట్యాంకు వైపు జరిగేవి. ఇప్పటి వాల్వుల్లో చాలావాటికి వేడినీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. కుళాయిలు మూసి ఉన్నప్పుడు ఆ కాసిని నీళ్లకు వాల్వు ఒక్కటే దారి. దాన్నీ మూసేస్తే రోజూ ట్యాంకు మీద ఒత్తిడి పడి, అతుకులు బలహీనమవుతాయి. అసలు ప్రమాదం థర్మోస్టాట్ పాడైన రోజున. మూసిన ట్యాంకులో నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కావు, నీళ్లుగానే ఇంకా ఇంకా వేడెక్కుతాయి. ట్యాంకు చిట్లిన క్షణంలో ఒత్తిడి పోయి, ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికంటే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. అమెరికా టీవీ కార్యక్రమం ‘మిత్‌బస్టర్స్’ వాళ్లు 2007లో ఒక హీటర్‌కు రక్షణ ఏర్పాట్లన్నీ తీసేసి పరీక్షిస్తే, అది వాళ్లు కట్టిన నమూనా ఇంటి కప్పును చీల్చుకుని రాకెట్‌లా పైకి లేచింది.

ఇంతకీ ఏ చుక్క మంచిది, ఏది కాదు? వేడెక్కేటప్పుడు మాత్రమే కారి, స్విచ్ ఆపాక ఆగిపోతే దిగులు లేదు. రాత్రంతా, నీళ్లు చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే వాల్వులో ఇసుక రేణువో సున్నమో ఇరుక్కుని ఉండొచ్చు. లేదా వచ్చే నీళ్ల ఒత్తిడే ఎక్కువై ఉండొచ్చు. ఇక వాల్వు నుంచి పొగలు కక్కే నీళ్లో ఆవిరో చిమ్ముతుంటే థర్మోస్టాట్‌ని అనుమానించాల్సిందే. దగ్గరికి వెళ్లకుండా మెయిన్ బోర్డులో కరెంటు ఆపేసి, మెకానిక్ వచ్చేదాకా ఆ బాత్రూం వాడకండి.

ఒత్తిడి లెక్క చాలా తేలిక. ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద కుళాయి దగ్గర సుమారు ఒక బార్. పదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటికి 3 బార్ల దాకా వస్తుంది. పై అంతస్తు వాళ్లకు ధార సన్నగా వస్తుందని ప్రెషర్ పంపు పెట్టిస్తారు. గీజర్ ఎంత తట్టుకుంటుందో మాత్రం చూడరు! దాని మీది లేబుల్‌లో బార్లలోనో మెగాపాస్కల్స్‌లోనో ఆ సంఖ్య ఉంటుంది. 0.8 మెగాపాస్కల్స్ అంటే 8 బార్లు. పంపు కొనేముందు అది చదవండి.

చన్నీళ్లు బాగా వచ్చి వేణ్ణీళ్లే సన్నగా వస్తే మాత్రం పంపు వల్ల ప్రయోజనం లేదు. గీజర్ కింది యాంగిల్ కాక్ పూర్తిగా తిప్పి ఉందో లేదో చూడండి. అదీ సరిగ్గానే ఉంటే పైపులోనో వాల్వులోనో సున్నం పట్టినట్టే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే. కాగేటప్పుడు గీజర్ గరగరమంటుంటే లోపల కాయిల్‌కీ సున్నం పేరుకుందని అర్థం. శుభ్రం చేయించేటప్పుడే మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో చూడమనండి. ట్యాంకుకు బదులు తాను తుప్పుకు బలయ్యేది అదే.

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవారికి ఇదే కథ ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఇల్లంతా వెచ్చగా ఉంచే బాయిలర్‌కు ఒత్తిడి చూపే ముల్లు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ల మధ్య ఉండాలి. బాగా పడిపోతే చాలా బాయిలర్లు పనిచేయడం మానేస్తాయి. అప్పుడు కింద ఉండే చిన్న గొట్టం తిప్పి నీళ్లు నింపుకోవచ్చు. కానీ మాటిమాటికీ నింపాల్సి వస్తుంటే ఎక్కడో కారుతోందన్నమాట. వేడెక్కినప్పుడు ముల్లు 3 బార్ల దాకా ఎగబాకితే, పెరిగిన నీళ్లను సర్దే డబ్బాలో గాలి పోయి ఉండొచ్చు. అది గ్యాస్ ఇంజినీరు పని, మనం మూత విప్పకూడదు.

మన గీజర్‌కు ఆ ముల్లు లేదు. చుక్కే ముల్లు!

మా ఇంట్లో ఆ మెకానిక్ ట్యాంకు చల్లారేదాకా గంటకు పైగా కూర్చుని, బిరడా తీసి, వాల్వు మార్చాడు. దాని నోటికి ఓ సన్నటి పైపు తగిలించి, వంపు లేకుండా నేల జాలీ దాకా దించాడు. ‘ఈ పైపు చివర ఏమీ పెట్టొద్దమ్మా, కుళాయి కూడా వద్దు’ అని రెండుసార్లు చెప్పాడు. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ దాని కింద మగ్గు పెడుతూనే ఉన్నారు. గిన్నెలు నానబెట్టడానికి పనికొస్తాయట.